రెండు తెలుపులు

మూడో అంతస్తు, ముందు గది
నలభై మూడో రోజు

మరదలికి,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. ఎత్తితే మాట రావడం లేదు. మీ అక్కా నువ్వూ పదకొండేళ్ళపాటు చేపల సంగతులు ఉత్తరాల్లోనే రాసుకున్నారు. నేనూ అలాగే రాస్తాను.

చేపలు బాగున్నాయి. నాలుగు తొట్లూ కడిగాను. నీళ్ళు పరీక్షించడం నా ఉద్యోగం కాబట్టి అందులో లోటు రానివ్వను. క్లోరిన్ లేదు. వేడి ఇరవై ఆరు డిగ్రీలు. మేత రోజుకు రెండుసార్లు. కిటికీకి మీ అక్క కుట్టిన నల్ల తెర అలాగే ఉంది. తెల్లచేపల కళ్ళు వెలుతురుకు ఓర్చుకోలేవని చెప్పేది. ఈ పదకొండేళ్ళూ నేను పేపరు వంటగదిలోనే చదువుకున్నాను.

తన నోటుబుక్కు చూశాను. పెన్సిల్ రాత. తేదీ, తొట్టి, గుడ్ల లెక్క, రంగు అని గడులు గీసుకుంది. ఆఖరి గడి పేరు 'కారణం'. అది మాత్రం ఏ పేజీలోనూ నింపలేదు. స్కూల్లో పాఠాలు చెప్పి వచ్చాక తీరిక దొరక్క కాబోలు.

చివరి పేజీలో ఇలా ఉంది: 'ఎర్ర క్లిప్పు ఆడదాన్ని, ఎర్ర క్లిప్పు మగదాన్ని వచ్చే నెల జత కలపాలి. ముసలివైపోతున్నాయి. ఆలస్యమైతే ఈ వంశం ఇక్కడితో ఆగిపోతుంది.' తను రాసిన ఆఖరి మాటలు ఇవే. తొట్ల మీది క్లిప్పులు చూసుకుని నిన్న కలిపాను.

ఇట్లు,
మీ బావ


కాలేజీ, జంతుశాస్త్రం ల్యాబు, సింకు పక్క బల్ల

బావగారూ,

మీ ఉత్తరం నీటి శాఖ నివేదికలా ఉంది. కింద గుండ్రటి ముద్ర ఒక్కటే తక్కువ. చేపలకు రెండు పూటలా మేత వేస్తున్నట్టు రాశారు. మీ మేత సంగతి రాయలేదు. తింటున్నారా?

అక్క పోయిన రోజుల లెక్క పైన వేయకండి. నేనూ వేస్తున్నాను. ఇద్దరి లెక్కా ఒకటే అవుతుంది, కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

జత కలిపినందుకు చాలా సంతోషం. నాకు ఆ ధైర్యం చాలలేదు. 'నువ్వొచ్చి చేసిపెట్టవే' అని అక్క ఆసుపత్రి నుంచి రెండుసార్లు అడిగింది. పరీక్షలని వంక పెట్టాను. నిజానికి అక్క లేకుండా ఆ గదిలోకి రాలేక.

గుడ్లు పెట్టాక రెండో రోజున భూతద్దం పెట్టి చూడండి. గుడ్డు లోపల కళ్ళు తెలుస్తాయి. తెల్లవాటికి లేత గులాబీ రంగులో, ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి. అక్క వాటిని చూసినప్పుడల్లా నాకు ఉత్తరం ముక్క రాసేది: 'వచ్చారే, గులాబీ బాబులు.' మీరు అంత మాట రాయకపోయినా ఫరవాలేదు. 'కళ్ళు: గులాబీ' అని రాసినా చాలు.

మీ పిచ్చుక
(అక్క పెట్టిన పేరు. మీరు నన్ను ఒక్కసారైనా అలా పిలవలేదని మీకు తెలుసా?)


మూడో అంతస్తు, ముందు గది
యాభై రెండో రోజు

మరదలికి,

కళ్ళు: నలుపు.

రెండు వందల పైన గుడ్లు. మిరియాల పొడి చల్లినట్టున్నాయి. ఒక్కటీ గులాబీ లేదు. రెండు రోజులు ఆగి మళ్ళీ చూశాను. ఇప్పుడు పిల్లలు గుడ్ల నుంచి బయటికొచ్చాయి. ఒళ్ళంతా నల్ల చుక్కలు.

తప్పు నాది. ఎక్కడ జరిగిందో కూడా తెలుసు.

ఇరవయ్యో రోజున తన బట్టలన్నీ ఉతికాను. ఎవరికైనా ఇచ్చేద్దామని. బాల్కనీలో రెండు తాళ్ళు కట్టినా చాలలేదు. ఆ రోజు గాలి ఎక్కువ. ఒక జాకెట్టు ఎగిరి కింది అంతస్తు పెద్దావిడ కిటికీకి తగులుకుంది. ఆవిడ పైకి తెచ్చింది. "ఇన్నాళ్ళూ మీ చేపల నీళ్ళు మా సీలింగులోకి దిగేవి, ఇప్పుడు మీ బట్టలు కూడా దిగుతున్నాయా నాయనా" అంది. అని, చేతిలో ఉన్నది ఎవరి జాకెట్టో చూసుకుంది. దాన్ని మడతపెట్టి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

క్లిప్పులు సరిపోలేదు. తొట్ల అంచున మీ అక్క పెట్టుకున్నవి నాలుగూ తీసి బట్టలకు పెట్టాను. చీటీలు అంటిస్తే తడికి రాత పోతుందని తను క్లిప్పులు పెట్టేది. ఎర్రవి రెండు: ఇటుక బట్టీ వెనక గుంటలో తను పట్టిన తెల్లచేప సంతానం, ఆడది ఒక తొట్టిలో, మగది ఒక తొట్టిలో. నీలంవి రెండు: నీ కాలేజీ తొట్టి నుంచి నువ్విచ్చినదాని సంతానం, అదే తీరున. చూడ్డానికి అన్నీ ఒకటే. తెల్లటి ఒళ్ళు, ఎర్రటి కళ్ళు. సాయంత్రం క్లిప్పులు తెచ్చి గుర్తున్నట్టే తిరిగి పెట్టాను. మగవాటి దగ్గర తారుమారు చేసినట్టున్నాను. ఆమె ఎర్రదానికి నీ నీలందాన్ని కలిపాను.

పదకొండేళ్ళ పని ఒక్క మధ్యాహ్నంలో పాడుచేశాను. ఏం చేయమంటావో చెప్పు. బట్టలు ఎవరికీ ఇవ్వలేదు.

ఇట్లు,
మీ బావ


కాలేజీ, ల్యాబు

బావా!

గారూ గీరూ తర్వాత. ముందు కూర్చోండి.

మీరేమీ పాడుచేయలేదు. మీ ఉత్తరం చదివి ల్యాబులో గట్టిగా అరిచాను. అటెండరు పరుగెత్తుకొచ్చి "మేడం, ఏమన్నా కుట్టిందా?" అన్నాడు. తర్వాత వాడి ముందే ఏడ్చాను. పాపం, నిజంగానే కుట్టిందనుకున్నాడు.

మీరు చేసింది ఏం పనో తెలుసా? అక్కను ఏడేళ్ళుగా చేయమని నేను బతిమాలిన పని. అక్క తెలుపూ నా తెలుపూ ఒకటేనా, వేరు వేరా? ఇదే ప్రశ్న. రెండింటినీ జత కలిపితే గానీ తేలదు. పిల్లలన్నీ తెల్లగా పుడితే ఒకటే తెలుపు. అన్నీ నల్లగా పుడితే రెండూ వేరు. మీకు అన్నీ నల్లవే పుట్టాయి!

రసాయనశాస్త్రం చదివినవాళ్ళకు ఇది కష్టం కాదు. చేప ఒంట్లో నలుపు ఒక్కసారిగా తయారవదు, మెట్లు మెట్లుగా తయారవుతుంది. ఒక్కో మెట్టుకు ఒక్కో జన్యువు. ఏ జన్యువుకైనా రెండు ప్రతులుంటాయి, ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. రెండింటిలో ఒకటి బాగున్నా ఆ మెట్టు నిలబడుతుంది. రెండూ చెడితేనే మెట్టు విరుగుతుంది, నలుపు అక్కడే ఆగిపోతుంది. అక్క చేపలకు విరిగింది ఒక మెట్టు, నా చేపలకు విరిగింది ఇంకొకటి. పిల్లలకు అక్క చేప ఇవ్వలేనిది నా చేప ఇచ్చింది, నా చేప ఇవ్వలేనిది అక్క చేప ఇచ్చింది. అందుకే నలుపు.

అదే ఒకే వంశంలో తెల్లపిల్ల పుట్టిందంటే ఒకటే అర్థం. అమ్మ ఒక చెడ్డ ప్రతి ఇచ్చింది, నాన్న ఒకటి ఇచ్చాడు. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. పైకి మాత్రం ఇద్దరూ నిక్షేపంగా ఉండొచ్చు.

తెలుపు ఎక్కడికీ పోలేదు కూడా. ఈ నల్లపిల్లలన్నిటి లోపలా రెండు తెలుపులూ దాక్కుని ఉన్నాయి. పెద్దవయ్యాక వీటిలో వీటికే జత కలపండి. పదహారింటికి తొమ్మిది నల్లవి, ఏడు తెల్లవి రావాలి. అక్క పాత జతను కూడా ఇంకోసారి సరిగ్గా కలుపుదాం, ఈసారి నేనొస్తాను. అన్నట్టు, నల్లపిల్లలకు తెర అక్కర్లేదు. వాటి తొట్టి వరకు కాస్త వెలుతురు రానివ్వండి.

అక్క ఈ జత ఎందుకు కలపలేదో నాకు తెలియదు. మొండిది కదా.

పిచ్చుక


మూడో అంతస్తు, వంటగది
డెబ్భై ఒకటో రోజు

మరదలికి,

పిల్లలు నూట డెబ్భై మిగిలాయి. ఆరోగ్యంగా ఉన్నాయి.

నీ ఉత్తరంలో ఒక వాక్యం చాలాసార్లు చదివాను. 'ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.'

పాప పోయినప్పుడు నువ్వు ఇంకా హాస్టల్లో ఉన్నావు. నీకు ఎంతవరకు తెలుసో నాకు తెలియదు. పద్నాలుగు నెలలు బతికింది. మెడ నిలబడలేదు. కండరాలకు పుట్టుకతో వచ్చిన జబ్బు అన్నారు. పిల్లల డాక్టరు మమ్మల్నిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి, "మీరిద్దరూ నిక్షేపంగా ఉన్నారు, అయినా వచ్చింది" అన్నాడు. నువ్వు రాసిన మాటే.

పాప పోయాక మా ఇద్దరి రక్తం పరీక్షకు పంపారు. రిపోర్టు రోజు నేను వెళ్ళలేదు. ఆఫీసులో పని ఉందన్నాను. పని లేదు. మీ అక్క ఒక్కతే వెళ్ళింది. ఆలస్యంగా వచ్చింది. చెప్పులు విప్పుతూ, నా వైపు చూడకుండా, "నా వైపు నుంచేనట" అంది.

నేను ఒకే మాట అన్నాను. "అనుకున్నాను."

మళ్ళీ ఆ ప్రస్తావన రాలేదు. తర్వాతి ఏడు తను ఆ గుంటలో తెల్లచేపను పట్టుకొచ్చింది. అది ఎందుకు తెల్లగా ఉందని నేను అడగకపోలేదు. "నీళ్ళ సంగతి మీరు చూడండి, చేపల సంగతి నేను చూసుకుంటాను" అనేది. నవ్వుతూనే అనేది.

చేపల లెక్క మనుషులకూ వర్తిస్తుందా? ఒక్క ముక్కలో రాయి.

మీ బావ


కాలేజీ

బావా,

మనుషులు చేపలు కారు. జబ్బులు రకరకాలు, అన్నిటికీ ఒకే లెక్క ఉండదు. అక్క చెప్పింది అక్క చెప్పినట్టే ఉండనివ్వండి. పరీక్ష పేపర్లు కట్టలు కట్టలుగా ముందున్నాయి, వీలు చూసుకుని రాస్తాను. పిల్లలకు మేత మెత్తగా నలిపి వేయండి.

పిచ్చుక


మూడో అంతస్తు, వంటగది
తొంభై ఎనిమిదో రోజు

మరదలికి,

నాలుగు వారాలు చూశాను. నీకు వీలు కాలేదు.

గ్రంథాలయానికి వెళ్ళాను. పాప జబ్బు పేరు నాకు గుర్తుంది. వైద్యం పుస్తకాల అరలో మూడు పుస్తకాలు తీసి చూశాను. మూడింటిలోనూ అదే ఉంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి.

బీరువా అంతా వెతికాను. పాప కాగితాలు అన్నీ ఉన్నాయి. టీకాల కార్డు, ఆసుపత్రి చీటీలు, చేతికి కట్టిన పేరు పట్టీ. ఆ రిపోర్టు ఒక్కటే లేదు. మీ అక్క కాగితాలు పారేసే మనిషి కాదు.

నీ దగ్గరుందా?


కాలేజీ కాదు, ఇల్లు. నా గది

బావా,

ఉంది. పన్నెండేళ్ళుగా ఉంది. ఇదే కవరులో పెడుతున్నాను.

ఆ రోజు అక్క ఆసుపత్రి నుంచి తిన్నగా నా హాస్టలుకు వచ్చింది. మంచం మీద కూర్చుని ఈ కాగితం నా చేతిలో పెట్టింది. "చదవవే" అంది. చదివాను.

"ఇద్దరి దగ్గరా ఉంది కదే అక్కా!"

"చదవడం వచ్చులే నాకూ. ఇది నీ పెట్టెలో పెట్టు. ఇంటికి తీసుకెళ్ళను."

"బావకు చెప్పవా?"

"చెప్పను."

"ఏం? సగం ఆయనది కాదా? నువ్వొక్కదానివే ఎందుకు మోయాలి?"

అప్పుడు అక్క అన్న మాటలు నాకు పొల్లు పోకుండా గుర్తున్నాయి. "సగం ఇస్తే సగమే తీసుకునే మనిషి కాదే ఆయన. మొత్తం తీసుకుంటారు. నాకైతే ఏడుపొస్తుంది, అరుస్తాను, నీ బుర్ర తింటాను. ఆయన ఏం చేస్తారు? ఆఫీసుకెళ్ళి నీళ్ళు పరీక్షిస్తారు. పాపను పద్నాలుగు నెలలు భుజం మీద నుంచి దించని మనిషే. తన వల్లేనని తెలిస్తే ఇక లేవరు."

నాచేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు ఈ రోజు తప్పాను.

జత ఎందుకు కలపలేదో తెలియదని రాశాను కదా. అదీ అబద్ధమే. అడిగిన ప్రతిసారీ ఒకటే చెప్పేది. "రెండు తెల్లవాటికి నల్లపిల్లలు పుడితే ఆయన ఎందుకని అడక్కుండా ఉంటారటే? చెబితే అక్కడితో ఆగుతారా? లెక్కల మనిషి. మెట్టు మెట్టూ ఎక్కి పాప దాకా వస్తారు." ఆ ఒక్క జత కలిపి రాసి ఉంటే అక్క పేరుతో ఒక పేపరు అచ్చయ్యేది. మా ప్రొఫెసరు రెండుసార్లు అడిగారు. నోటుబుక్కులో కారణం గడి ఎందుకు ఖాళీగా ఉందో ఇప్పుడు తెలిసిందా? ఆ పుస్తకం మీ చేతికి అందే చోటే ఉండేది.

ఇంకొక్క మాట, తర్వాత మీరు ఉత్తరం రాయకపోయినా సరే. మీరు "అనుకున్నాను" అన్నారని అక్క నాకు చెప్పలేదు. ఏ ఉత్తరంలోనూ రాయలేదు. మీరు రాస్తేనే తెలిసింది. అది చదివిన రోజు నుంచీ మీ మీద మండిపోతున్నాను. నాలుగు వారాలు రాయనిది పరీక్ష పేపర్ల వల్ల కాదు. అంత మాట అన్న మనిషిని కాపాడడానికా అక్క నోరు కట్టుకుందీ అని.

నిన్న తన పాత ఉత్తరాలు మళ్ళీ తీశాను. ఒకదాంట్లో రాసింది: 'తొట్టి బరువుకు బల్ల వంగిందే. మీ బావ చెప్పకుండానే కింద ఇంకో కాలు వేశారు. ఏమీ అనరు ఈ మనిషి, చేసిపెట్టి పోతారు.' కోపం పోలేదు. కానీ ఇది మీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

పిచ్చుక


మూడో అంతస్తు, ముందు గది
నూట పందొమ్మిదో రోజు

పిచ్చుకా,

కాగితం అందింది. రెండు పేర్లు, రెండు గడులు. నా పేరు పైన ఉంది.

ఆ మాట అన్నప్పుడు నేనేమీ అనుకోలేదు. ముందు కూడా ఏమీ అనుకుని లేను. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను. ఇది సంజాయిషీ కాదు. జరిగింది చెబుతున్నాను.

ఆ సాయంత్రం తను టీ పెట్టింది. నా కప్పులో చక్కెర వేసి కలిపి ఇచ్చింది. తను తాగలేదు. నేను గమనించాను. అడగలేదు.

తర్వాత ఇంకో బిడ్డ మాట నేనెప్పుడూ ఎత్తలేదు. తన మనసు కష్టపెట్టకూడదని ఎత్తడం లేదనుకున్నాను. అది నా మంచితనమనుకున్నాను. కొన్నేళ్ళు లోలోపల గర్వపడ్డాను కూడా. తను అంతా తెలిసి నా మంచితనాన్ని చూస్తూ కూర్చుంది.

నీ కోపం ఉంచుకో. న్యాయమైనదే.

నల్లపిల్లల కోసం తెర తీశాను. పాత జతలను తొట్లతో సహా వెనక గదిలోకి మార్చాను. ఇన్నేళ్ళలో ఈ గదిని పగటి వెలుతురులో చూడడం ఇదే మొదలు. తన కుర్చీ కుడి చెయ్యి మీద రంగు పోయి కర్ర బయటపడింది. అక్కడ చెయ్యి ఆనించి లెక్క రాసుకునేది. నీళ్ళు చూడ్డానికి రోజూ ఆ కుర్చీ పక్కనే నిలబడేవాణ్ణి. నాకు కనబడలేదు.

బావ


కాలేజీ

బావా,

వచ్చే శనివారం వస్తున్నాను. పొద్దున బస్సుకు. ఎర్ర జతను కలుపుదాం. కింది పెద్దావిడతో సీలింగు సంగతి నేను మాట్లాడతాను, మీరు మాట్లాడితే ఇంకో గొడవ.

బట్టలు అలాగే ఉంచండి. నాకు రెండు కావాలి.

పిచ్చుక


మూడో అంతస్తు, ముందు గది

పిచ్చుకా,

నువ్వొచ్చి వెళ్ళి రెండు నెలలు దాటింది. నువ్వు కలిపిన ఎర్ర జత గుడ్లు పెట్టలేదు. మూడుసార్లు ప్రయత్నించాను. మీ అక్క భయపడినట్టే ముసలివైపోయాయి. ఆడది పోయిన మంగళవారం చచ్చిపోయింది. మీ అక్క చేపల వంశం ఇక నల్లపిల్లల లోపల ఉన్నంతే.

ఆ నల్లవి ఎదిగాయి. ఒక జతను పోయిన వారం కలిపాను. నూట నలభై ఎనిమిది గుడ్లు. రెండో రోజున భూతద్దం పెట్టి మూడుసార్లు లెక్కించాను. నలుపు ఎనభై ఏడు. గులాబీ అరవై ఒకటి. నువ్వు చెప్పిన లెక్కకు దగ్గరగానే ఉంది.

వచ్చారు, గులాబీ బాబులు.

రాయమన్నావు కదా, రాశాను.

ఈ తెల్లవాటిలో ఏది తన తెలుపో, ఏది నీ తెలుపో చూసి చెప్పలేను. తొట్టికి రెండు క్లిప్పులూ పెట్టాను. ఎర్రదీ, నీలందీ. బట్టలు ఆరేయడానికి కొత్త క్లిప్పులు ఒక డజను కొన్నాను.

తెల్లవాటి కోసం తెర మళ్ళీ వేశాను. కుర్చీ కనబడడం లేదు. ఎక్కడుందో తెలుసు.

మీ ప్రొఫెసరుకు నోటుబుక్కు పంపుతానన్నావు. మొన్న ఆదివారం మొదటి పేజీ నుంచి తీశాను. పదకొండేళ్ళ పేజీలు. తెల్లపిల్లలు పుట్టిన ప్రతి వరుసలోనూ ఆఖరి గడి నింపుకుంటూ వచ్చాను. సాయంత్రం అయింది. తను పెన్సిల్‌తో రాసేది, నేను పెన్నుతో రాశాను. అన్నిటిలోనూ ఒకటే మాట.

కారణం: ఇద్దరూ.

బావ